పెదవి మీద పట్టీ

జూన్ 9, ఆదివారం

మళ్ళీ వచ్చింది. కింది పెదవి ఎడమ మూల, ఎప్పుడూ వచ్చే చోటే. నిన్న సాయంత్రం చీమ కుట్టినట్టు చురుక్కుమంది. పొద్దున అద్దంలో చూస్తే నాలుగు నీటి పొక్కులు గుత్తిగా కూర్చుని ఉన్నాయి. పదకొండేళ్ళ వయసు నుంచి నాతో కాపురం చేస్తోంది ఈ హెర్పిస్ దరిద్రం. ఎండ తగిలినా, జ్వరమొచ్చినా, నాలుగు రోజులు నిద్ర తక్కువైనా బయటికొచ్చి పలకరిస్తుంది. దీని పనిపట్టడానికే నాలుగేళ్ళుగా కుమాసీలో ఈ ల్యాబు పట్టుకుని వేలాడుతున్నాను కాబట్టి, దీన్ని తిట్టే హక్కు ఊళ్ళో అందరికంటే నాకే ఎక్కువ.

తమ్ముడు అద్దైకి మొన్న శుక్రవారం కూతురు పుట్టింది. పుట్టిన వారాన్ని బట్టే మాకు మొదటి పేరు, శుక్రవారపు పిల్ల కాబట్టి అఫియా అన్న పేరు దానంతటదే వచ్చేసింది. రెండో పేరు నాదేనట, పొకువా. పేరు పెట్టాల్సింది కూడా నేనేనట. అమ్మ ఫోన్‌లో ఒకటే సంబరం.

"పేరు పెట్టినవాళ్ళ గుణమే పిల్లకొస్తుంది. నీ చదువు రావాలి దానికి. నీ నోరు మాత్రం రాకూడదు తల్లీ."

వచ్చే శుక్రవారం తెల్లవారుజామున. ఐదు రోజులుంది. ఈ పొక్కు మామూలుగా పది రోజులు తింటుంది.

జూన్ 10

పట్టీ వేసుకున్నాను, నా పట్టీయే. మనుషుల మీద వాడటానికి అనుమతినిచ్చే కమిటీవాళ్ళు ఇంకా ఫైలైనా తెరవలేదు. వాళ్ళు తెరిచేలోపు పిల్ల బడికి వెళ్తుంది.

షాపులో దొరికే క్రీము సంగతి నాకు తెలుసు. మందు మంచిదే, ఎసైక్లోవిర్. కానీ చర్మం పైనే కూర్చుంటుంది, పురుగేమో లోపలి పొరల్లో ఉంటుంది. మధ్యలో గోడ. టీ తాగితే సగం మందు కప్పులో తేలుతుంది. నా పట్టీ అలా కాదు. చిటికెనవేలి గోరంత ఉంటుంది, చర్మం రంగులో. అంటుకుని కూర్చుని మందుని లోపలికి తోస్తూనే ఉంటుంది. పందిచెవి చర్మం మన చర్మానికి దగ్గర చుట్టం కాబట్టి, దాన్ని గాజుకప్పు నోటికి బిగించి, పైన పట్టీ వేసి, కిందికి ఎంత మందు దిగిందో కొలుస్తాం. క్రీముకంటే తొమ్మిది రెట్లు. ఆ అంకె చూసి ప్రొఫెసర్‌గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

కబేళాలో అగ్బెకో ఉన్నాడు కాబట్టి పని సాగుతోంది. మొదట్లో చెవుల మీది వెంట్రుకలు నేనే గొరగాల్సొచ్చేది. ఇప్పుడు అద్దంలా గీకి మరీ ఇస్తున్నాడు. బంగారం లాంటి మనిషి.

జూన్ 12

నొప్పి లేదు. బయటికి ఏమీ కనబడటం లేదు. మానినట్టే.

జూన్ 13, గురువారం

అమ్మ వచ్చింది. గుమ్మంలోనే నా గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది.

"నోటి మూల ఏంటే అది?"

"మందు పట్టీ."

"పుండుందా?"

"మానిపోయిందమ్మా."

"పోయిందా, పోతోందా?"

"ఈ విషయంలో డాక్టరేటు నాదా, నీదా?"

"నీదేలేవే. మా అమ్మమ్మ మాత్రం పెదవి పేలినవాళ్ళని బాలింత గడప తొక్కనిచ్చేది కాదు. ఆవిడ బడి మొహం చూడలేదనుకో. ఈసారికి మీ పెద్దమ్మ చేత పెట్టిద్దామే, పోయిందేముంది?"

"పెద్దమ్మ గుణమొస్తే పిల్ల జీవితాంతం పక్కింటి గోడమీద గడ్డం ఆనించి బతుకుతుంది. నీ ఇష్టం."

అమ్మ పకపకా నవ్వేసింది. మా ఇంట్లో నవ్వించినవాళ్ళే గెలుస్తారు, గెలిచాను.

జూన్ 14, శుక్రవారం

అంతా బాగా జరిగింది.

అద్దై ఇంటి వాకిట్లో, సూర్యుడు రాకముందే, అందరం తెల్లబట్టల్లో. పిల్లని నా ఒళ్ళో పెట్టారు. బరువే లేదు. రెండు గ్లాసులు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో జిన్ను సారా. మా ఇంటి పద్ధతిలో పేరు పెట్టేవాళ్ళు వేలు ముంచి ముందు తమ పెదవికి తాకించుకుని, మళ్ళీ ముంచి పిల్ల నాలుక మీద పెట్టాలి. నేను రుచి చూసిందే నీకిస్తున్నానని అర్థం. అలా నీళ్ళు మూడుసార్లు, జిన్ను మూడుసార్లు.

"అఫియా పొకువా, నీళ్ళయితే నీళ్ళనే చెప్పు. జిన్నయితే జిన్ననే చెప్పు."

జిన్నుకి మొహమంతా ముడుచుకుంది. మూడోసారి మాత్రం నా వేలు వదల్లేదు. పట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది. ఆ చిన్న నోట్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! అందరూ ఒకటే నవ్వు. చాపమీద దిండ్లకి ఆనుకుని కూర్చున్న మా మరదలు అచియా కూడా నవ్వింది.

"చూశావా వదినా, దానికి నువ్వే కావాలట. ఇంక రాత్రిళ్ళు కూడా నువ్వే లేచి పాలివ్వు."

నాకు పిల్లల్లేరు. ఇక ఉండకపోవచ్చు కూడా. ఆ నిమిషంలో నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

జూన్ 15

అంతా బాగా జరిగింది. పట్టీ మార్చాను. కింద కాస్త తడిగా ఉంది. మందు జెల్లు తడి.

జూన్ 19

పెదవి శుభ్రం. మచ్చ కూడా లేదు. లెక్కేస్తే మొత్తం పదకొండు రోజులు. లెక్క ఎందుకేశానో.

జూన్ 25, మంగళవారం

అద్దై ఫోన్ చేశాడు. పిల్ల నిన్నటి నుంచి పాలు పట్టడం లేదట. ఒళ్ళు కాలిపోతోందట. పెద్దాసుపత్రిలో చేర్చారు. వానాకాలం, దోమలు. మలేరియా అయ్యుంటుంది.

జూన్ 26, బుధవారం

మలేరియా కాదు. రక్తంలో ఏదో చేరిందని యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. డాక్టర్ అంపోన్సా అని ఒకావిడ చూస్తోంది, మాట తక్కువ మనిషి. పిల్ల ఏడవడం లేదు. ఏడవని పిల్లని చూడటం ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు. అచియా పాలు గిన్నెలోకి పిండుతోంది. గొట్టంలోంచి పోస్తున్నారు.

పిల్ల గుడ్డలు మార్చే వంకతో ఒళ్ళంతా చూశాను. జుట్టులో, చెవుల వెనక, నోట్లో, వేళ్ళ మధ్యన. ఒక్క పొక్కు లేదు. అంటే అది కాదు.

పసిపిల్లల్లో పొక్కుల్లేకుండా తిన్నగా మెదడుకెక్కే రకం కూడా ఉంటుంది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అయినా ఇది అది కాదు. నా పొక్కు ఆరోజుకి మానిపోయింది. పట్టీ పనిచేసింది. తొమ్మిది రెట్లు.

జూన్ 27, గురువారం

మూడు నెలలుగా మూలపడిన మీటరు బాగై వచ్చింది. చర్మం ఎంత గట్టిగా అడ్డుపడుతుందో చెప్పే మీటరు. అది లేకుండా ప్రయోగాలు చేయకూడదు. చేశాను. ఇవాళ ఐదు చెవులు కొలిస్తే ఐదూ జల్లెడలే. నీళ్ళు పోసినా కారిపోయేలా ఉన్నాయి.

ట్రోట్రో వ్యాను ఎక్కి తిన్నగా కబేళాకి పోయాను. అగ్బెకో కత్తి నూరుకుంటున్నాడు.

"అగ్బెకో, ఈ చెవులకి ఏం చేస్తున్నావయ్యా?"

"ఏం చేస్తా డాక్టరమ్మా, ముస్తాబు చేస్తున్నా. కాగే నీళ్ళలో ఒక్క ముంచు, కత్తితో ఒక్క గీకు. పెళ్ళికూతురి బుగ్గల్లాగా రావట్లా?"

"కాగే నీళ్ళలోనా? ఎప్పటినుంచి?"

"ఈస్టర్ ముందు నుంచీ. ఆరోజు మీరు ఇదే బల్లమీద కూర్చుని బ్లేడుతో గొరుక్కుంటుంటే నాకు తల తీసేసినట్టయిందమ్మా. అంత చదివిన మనిషి పందిచెవులు గొరగడమేంటని. అప్పుడే అనుకున్నా, ఇంక ఈవిడ చేతికి పని చెప్పకూడదని." నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. "ఏమ్మా, కూర సరిగ్గా కుదర్లేదా?"

నేనవి వండుకుంటున్నాననుకున్నాడు! ఇన్నాళ్ళూ వారానికి ముప్పై చెవులు తినే ఆడదాన్నని నన్ను గౌరవించాడు. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

ఉడుకునీళ్ళలో ముంచి గీకితే చర్మం పై పొర ఊడిపోతుంది. గోడ ఉండదు. గోడే లేని ఇంట్లోకి ఎవరైనా దూరతారు, నా మందూ దూరింది. ఈస్టర్ నుంచి నేను కొలిచిందంతా ఉడికిన చర్మం, ఆ తొమ్మిది రెట్లతో సహా. బతికున్న పెదవి మీద నా పట్టీ ఏమీ చేయదు, పొక్కుని కనబడకుండా కప్పుతుంది, అంతే.

అయితే 14వ తేదీన.

రాస్తాను. నాకోసమేగా రాసుకునేది. రెండో జిన్ను చుక్క నా పెదవికి తాకించుకున్నప్పుడు భగ్గున మండింది. మానిన పెదవి మండదు. పట్టీ అంచు లేచింది. ఎవరైనా చూస్తారని వేలితో నొక్కాను. తడి తగిలింది. అదే వేలు. మూడోసారి గ్లాసులో ముంచి పిల్ల నాలుక మీద పెట్టిన వేలు, అది వదలకుండా చప్పరించిన వేలు.

తెలుసు. ఇప్పుడు తెలుసు. సాయంత్రం నాలుగైంది. ఆసుపత్రి పది నిమిషాల దూరం. పిల్లకి కావాల్సింది వేరే మందు, నా ల్యాబు బీరువా నిండా ఉన్న ఎసైక్లోవిరే.

ముందు మీటరు ఇంకోసారి సరిచూడాలి. రేపు పొద్దున చెబుతాను.

జూన్ 28, శుక్రవారం

చెప్పలేదు.

వెళ్ళాను. వార్డు వరండాలో అద్దై మొక్కజొన్న కెంకీ పొట్లం విప్పుకుని తినకుండా కూర్చున్నాడు. నన్ను చూడగానే లేచి నా భుజం మీద తల పెట్టాడు. "అక్కా, నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది. వీళ్ళ మాటలు నాకు అర్థం కావు, నువ్వే వినిపెట్టు" అన్నాడు. అలా అన్నవాడితో ఎలా చెప్పను? యాంటీబయాటిక్‌కి జ్వరం కాస్త తగ్గిందన్నారు. తగ్గిందంటే అది కాదేమో. ఒక్కరోజు చూద్దాం.

చెవుల సంగతి ప్రొఫెసర్‌గారికి చెప్పాను. నాలుగేళ్ళ పని బూడిదైందని చెప్పడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. తర్వాత "నిజాయితీ ఉన్నదానివి పొకువా" అన్నారు. నేను తలూపి వచ్చేశాను.

వేలు సబ్బుతో కడుగుతున్నాను. కడిగినంతసేపూ చప్పరిస్తున్నట్టే ఉంది.

జూన్ 29, శనివారం

మధ్యాహ్నం పిల్లకి ఫిట్స్ వచ్చాయి. కుడి చెయ్యి, కుడి కాలు కొట్టుకున్నాయి. చూశాను.

వెన్నులోంచి నీరు తీసి పంపారు, ఫలితానికి రోజులు పడుతుందట. అంపోన్సా కాగితం చూస్తూ అచియాని వరసగా ప్రశ్నలడిగింది. కడుపుతో ఉండగా జ్వరమొచ్చిందా, ఉమ్మనీరు ముందే పోయిందా, కింద పుండ్లేమైనా ఉన్నాయా. అచియా లేవు లేవు అంది. అంపోన్సా టిక్కులు పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో ఇంకెవరికైనా అని అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని. నిజంగా చెప్పేదాన్ని.

అమ్మ చెవిలో ఒకే మాట పడింది.

"కింద పుండ్లా? ఏ తిరుగుళ్ళు తిరిగితే వస్తాయవి? నా కొడుక్కి కళ్ళు కనబడక చేసుకున్నాడు."

"అత్తయ్యా, నాకేం లేవని చెప్పాగా."

"లేకపోతే ఆ డాక్టరు ఎందుకడుగుతుంది? నన్నడిగిందా?"

అచియా గోడవైపు తిరిగింది. కాసేపటికి నాతో మెల్లగా అంది. "నాకు తెలీకుండానే ఏమైనా ఉందేమో వదినా. నావల్లేనేమో. నా పాలలోనే ఉందేమో."

"ఏడవకు" అన్నాను. అంతే అన్నాను. నా నోట్లోంచి వచ్చింది అంతే.

జూన్ 30, ఆదివారం

చెప్పాను.

పొద్దున వెళ్ళేసరికి అచియా గిన్నెలోకి పిండిన పాలు సింకులో పారబోస్తోంది. విషం పారబోసినట్టు చేతులు దూరంగా పెట్టి మరీ. నేను ఆ గిన్నె లాక్కుని, అక్కణ్ణుంచి తిన్నగా అంపోన్సా గదిలోకి పోయి, కూర్చోకుండానే చెప్పాను. పేరు పెట్టినరోజు నా పెదవిమీద పొక్కుందని, ఏ పొక్కో, వేలి సంగతి, అన్నీ. ఆవిడ సగంలోనే లేచి నర్సుని పిలిచింది. వార్డులో ఆ ఇంజక్షన్ లేదు. నా బీరువాలో ఉన్నది పొడి, నరంలోకి పనికిరాదు. మూడు మందుల షాపులు పరిగెత్తి సీసాలు తెచ్చాను. పదకొండున్నరకి మొదటి డోసు పడింది.

తర్వాత వరండాలో అమ్మ, అద్దై, అచియాల ముందు మళ్ళీ చెప్పాను. "అచియా తప్పేం లేదు. నా పెదవే" అన్నాను. అమ్మ నోటికి పైగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది. మొదటిసారిగా తన అమ్మమ్మ మాట ఎత్తలేదు. అద్దై నావైపు తిరిగి, "ఎప్పుడు తట్టింది అక్కా నీకు?" అన్నాడు.

"పొద్దున" అన్నాను.

నేను ఆలోచించి అనలేదు. నోటికి అదే వచ్చింది.

జూలై 4

రోజుకి మూడు డోసులు. ఫిట్స్ తగ్గాయి. వెన్నునీటిలో అదే తేలింది.

జూలై 9

అద్దై కనబడినవాళ్ళందరికీ చెబుతున్నాడు. "మా అక్క పొద్దున కనిపెట్టింది, మధ్యాహ్నానికి మందు పడింది. తనవల్లే వచ్చిందని దాచుకోలేదు, తనే చెప్పింది. ఎంతమంది చెబుతారు?" చర్చివాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు. ఆ చెయ్యే.

జూలై 13

అంపోన్సా ఇవాళ నాతో ఒంటరిగా మాట్లాడింది. పిల్ల బతుకుతుంది. కుడివైపు బలం ఎంత వస్తుందో చెప్పలేనంది. చూపు, మాట, ఏదీ ఇప్పుడే చెప్పలేనంది. "ఫిట్స్ రాకముందు మొదలుపెట్టి ఉంటే చాలా వరకు దక్కేది. గురువారమో శుక్రవారమో. అయినా మనకప్పటికి తెలియదు కదా" అంది.

తెలియదు కదా అన్నాను నేను కూడా.

జూలై 14

కళ్ళు మూసుకుంటే వేలు లాగుతోంది.

జూలై 21, ఆదివారం

పిల్లని ఇంటికి పంపారు. అందరం వెళ్ళాం. అమ్మ తలుపు దగ్గర అచియా చేతులు రెండూ పట్టుకుని, "నా నోట్లో పురుగులు పడ, నిన్నంతలేసి మాటలన్నాను" అని ఏడ్చింది. అచియా మంచిది, ఊరుకో అత్తయ్యా అంది.

నేను వెళ్ళబోతుంటే అచియా గేటు దాకా వచ్చింది. పిల్ల భుజం మీద నిద్రపోతోంది.

"వదినా, ఒక్కమాట అడుగుతా, ఏమీ అనుకోకు. ఆ ఆదివారం పొద్దునేనా నీకు తెలిసింది?"

"అవును."

"అంతకుముందు అనుమానమైనా రాలేదా?"

"లేదు."

అచియా పెద్దగా ఊపిరి వదిలింది. "అయితే చాలు. డాక్టరమ్మ అంది, రెండు మూడు రోజుల ముందైతే చెయ్యి దక్కేదని. అప్పట్నుంచి నాకు ఒకటే పీకులాట. మా వదినకి గంట ముందు తెలిసినా చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చేది, తెలియకే రాలేదు అని మనసుకి చెప్పుకుంటున్నా. నువ్వు కూడా అన్నావు, ఇంక నిద్రపడుతుంది నాకు."

పిల్లని తెచ్చి నా మొహం ముందు పెట్టింది. "ముద్దు మాత్రం వద్దు" అని నవ్వింది. నవ్వుతూనే అంది, నన్ను క్షమించేసి అంది.

నా జీవితంలో నాకు నేను ఇంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు. అచియా నిద్రపోవాలంటే నేను నోరు మూసుకోవాలి. ఎంత చక్కటి సాకు! ఎవరికోసమో చేస్తున్నట్టు ఉంది. ఆ శుక్రవారం కూడా ఇలాగే ఉంది, అద్దై కోసమని. పీక నొక్కినా నిజం రాని ఈ నోటితో నేను ఆ పిల్లకి ఏం నేర్పానో ఆలోచించలేకపోతున్నాను.

జూన్ 27 పేజీ చింపుదామని పట్టుకున్నాను. కుట్టు దగ్గర కాస్త చిరిగింది. వదిలేశాను.

జూలై 22, సోమవారం

అద్దై ఇంటి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అద్దై పనికి పోయాడు. తమ్ముడు ఇక నాతో మాట్లాడకపోవచ్చు. అమ్మ కూడా. మూడుసార్లు లేచి గేటు దాకా వెళ్ళొచ్చాను.

అచియా లోపల పిల్లకి నీళ్ళు పోస్తోంది. కుడి పిడికిలి తెరుచుకోదు. ఒక్కో వేలే విప్పి తుడుస్తూ దాంతో కబుర్లు చెబుతోంది. చిటికెనవేలు అత్తది, ఉంగరపువేలు నాన్నది అని. వినబడుతోంది నాకు.

నోటితో చెబితే మళ్ళీ ఒకటో రెండో రోజులు తగ్గించి చెబుతాను. నా సంగతి నాకు తెలుసు. శుక్రవారమంటాను, అనుమానమంటాను.

వచ్చింది. పిల్ల కుడి భుజం మీద ఉంది, రెండో చెయ్యి నడుముకి చుట్టుకున్న గుడ్డకి తుడుచుకుంటోంది.

"ఏంటి వదినా, ఎప్పుడు చూసినా ఆ పుస్తకంలో గీకుతుంటావు?"

"నువ్వు చదవాల్సింది. జూన్ 27 దగ్గర తెరువు."

"నాకెందుకు నీ లెక్కలన్నీ?" అంటోంది. అని నా మొహం చూసింది. నవ్వు పోయింది. పిల్లని ఎడమ భుజానికి మార్చుకుని, చెయ్యి చాపి నిలబడింది.